మందు, గుండు, టోపీ: పాతకాలపు రివాల్వరుతో గురి వినోదము

దీపావళి సమీపించగానే మన వీథులలో పిల్లల చేతులయందు రేకు తుపాకులు కనిపించును. కాగితపు చుట్టలో అతికిన చిన్న మందు చుక్కపై తుపాకి గుర్రము పడగానే చప్పుడు పుట్టును, సన్నని పొగ లేచును, అంతటితో ఆట ముగియును. దెబ్బ తగిలినంతనే మండు రసాయనము ఆ చుక్కలో నుండుటయే ఇందలి కిటుకు. ఇట్టి నిప్పు ముందు కొంత మందును, మందు ముందొక సీసపు గుండును ఉంచి పేల్చు రివాల్వరులు 19వ శతాబ్దము నడుమ దేశదేశములకు వ్యాపించినవి. తూటాలు వచ్చిన తరువాత అవి మూలబడినవి. కాని చిత్రమేమనగా, మూలబడిన చాలకాలమునకు వానిని మరల క్రొత్తగా తయారుచేయుట మొదలైనది. నేడు అమెరికాలోను ఐరోపాలోను ఎందరో సెలవుదినములలో ఈ నకలు రివాల్వరులతో కాగితపు గురులపై కాల్చి వినోదించుచున్నారు.

ఈ వినోదమెట్టిది? అందలి రుచి యెచ్చట నున్నది? జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఇదే జాతి తుపాకికి గల చరిత్ర యేమి? మన చట్టము దానిని గూర్చి యేమనుచున్నది? ఈ నాలుగు ప్రశ్నలను ఇచ్చట వరుసగా విచారింతము. మొదటి రెండును కుతూహలమునకు సంబంధించినవి. చివరి రెండును మన యిండ్లకు, మన పిల్లల క్షేమమునకు సంబంధించినవి.

మొదట తుపాకిని గూర్చి చెప్పుకొందము. నేటి రివాల్వరులో వేయునది తూటా. నిప్పు పుట్టించు రసాయనము, గుండును త్రోయు మందు, గుండు, ఈ మూడును ఒక ఇత్తడి గొట్టములో బిగింపబడి కర్మాగారము నుండియే వచ్చును. పాత రివాల్వరునకు ఈ మూడును వేరువేరుగా నుండును. కాల్చువాడే వానిని ఒక్కొక్కటిగా కూర్చుకొనవలెను. పూర్వము తుపాకి పేలుటకు మండుచున్న వత్తియో, చెకుముకి రాతి నిప్పురవ్వయో ఆధారము. వాన కురిసినచో రెండును పనికిరావు. స్కాట్లండు దేశీయుడు, మతాచార్యుడు నైన అలెగ్జాండరు ఫోర్సైతు దెబ్బకు మండు రసాయనముతో తుపాకిని పేల్చు పద్ధతికి 1807లో పేటెంటు పొందెను. తరువాత ఆ రసాయనమును చిన్న రాగి టోపీలో నుంచుట వాడుకలోనికి వచ్చినది. మన దేశమున ఇట్టి తుపాకులను టోపీదారు తుపాకులనుట ఇందువలననే.

1836లో అమెరికా దేశీయుడు శామ్యూల్ కోల్టు తిరుగు దిమ్మ గల రివాల్వరునకు తన దేశమున పేటెంటు పొందెను. ఐదు లేక ఆరు గదులు గల ఇనుప దిమ్మ, గుర్రమును ఎత్తినపుడెల్ల ఒక గది చొప్పున తిరిగి గొట్టము వెనుకకు వచ్చి నిలుచును. గదులలో మందును, గుండును ముందుగానే కూర్చి యుంచినచో, వెంటవెంటనే ఐదారు పర్యాయములు కాల్చవచ్చును. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున కోల్టు తన రివాల్వరులను జనులకు చూపెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో రాబర్టు ఆడమ్సు దానికి పోటీగా మరియొక రివాల్వరును తెచ్చెను. 1857 తిరుగుబాటు నాటికి మన దేశములోని బ్రిటిషు అధికారుల నడుములయందు ఈ రెండు రకములును వ్రేలాడుచుండెను.

వీనిలో పెద్దవియు చిన్నవియు గలవు. సైనికుల రివాల్వరుల గొట్టము వెడల్పు 0.44 లేక 0.36 అంగుళము. జేబులో పెట్టుకొనదలచిన సామాన్య జనుల కొరకు కోల్టు సంస్థ 1849 నమూనా యను పేర 0.31 అంగుళము, అనగా సుమారు 8 మిల్లీమీటర్ల గొట్టము గల చిన్న రివాల్వరును చేసినది. మూడు లక్షలకు పైగా తయారైన ఈ చిన్నదియే కోల్టు సంస్థవారి టోపీ రివాల్వరులన్నిటిలో అధిక సంఖ్యలో వెలువడినది. దాని గుండు బరువు 3 గ్రాములకు కొంచెము పైన. కంసాలి త్రాసులో తూచినచో 26, 27 గురిగింజల యెత్తు. దానిని త్రోయుటకు ఒక గ్రామునకు లోపు మందు చాలును. సైనికుల 0.44 గుండు దీనికి దాదాపు మూడు రెట్లు బరువు.

గుండు చిన్నదగుటచే ఇది చేతిని అదరగొట్టదు, చప్పుడును తక్కువ, సీసమునకు, మందునకు అగు వ్యయమును తక్కువ. వినోదమునకై కాల్చువారిలో పలువురు చిన్న నమూనాలను కోరుట ఇందువలననే. అయితే చిన్నదనగా అపాయము లేనిదని యర్థము కాదు. 8 మిల్లీమీటర్ల గుండు మనిషి ప్రాణము తీయుటకు చాలును. ఈ మాట ఆదియందే చెప్పవలసి యున్నది.

ఇక మందు సంగతి. ఆంగ్లేయులు దీనిని నల్లపొడి యందురు. తెలుగున నల్లమందు అన్నచో అభినియని అర్థమగును గనుక మనము తుపాకిమందు అనియే వ్యవహరింతము. సురేకారము, బొగ్గు, గంధకము అను మూటి మిశ్రమమిది. అందు నాలుగింట మూడు వంతులు సురేకారమే. పెట్లుప్పు అనునదియు దీని పేరే. ఏ వస్తువైనను మండుటకు గాలి కావలెనని మనము బడిలో చదువుకొంటిమి. మరి గదిలో బిగించి మూసిన మందునకు గాలి యెక్కడిది? ఆ లోటును సురేకారము తీర్చును. మండుటకు వలసిన ప్రాణవాయువును అది తనలో నుండియే ఇచ్చును. బొగ్గు ఇంధనము. గంధకము తక్కువ వేడికే అంటుకొని మంటను వేగముగ ప్రాకించును.

1884లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియేయ్ పొగలేని మందును సాధించెను. అది మండినచో దాదాపు అంతయు వాయువుగా మారును. పాత మందు అట్టిది కాదు. కాలిన తరువాత అందు సగమునకు మించినది ఘనపదార్థముగా మిగులును. కొంత తెల్లని దట్టమైన పొగయై తేలిపోవును. మిగిలినది మసియై గొట్టమునకు పట్టును. ఆ మసిలోని లవణములు గాలియందలి తేమను పీల్చి ఇనుమునకు త్వరలోనే త్రుప్పు పట్టించును. అందలి గంధకము వలన మురిగిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. కనుక ఈ ఆట ఆడువాడు ఎంత ప్రొద్దుపోయినను తుపాకిని విప్పి, వేడినీటితోను సబ్బుతోను కడిగి, తడి లేకుండ ఆరబెట్టి, నూనె రాసి గాని నిద్రింపరాదు. వండినవారే అంట్లు కూడ తోముకొనవలసిన ఇల్లు వంటిది ఈ వినోదము.

కూర్చు విధానమును చూతము. ఈ పనిలోని ప్రతి మెట్టునకును ఒక కారణము గలదు. కాల్చువాడు మొదట ఖాళీ గదులలో నూనెగాని తేమగాని లేకుండ తుడుచును. తడిసిన మందు పేలదు. తరువాత మందును చిన్న కొలపాత్రతో కొలిచి ఒక్కొక్క గదిలో పోయును. మందుబుడ్డి నుండి నేరుగా పోయరాదు. గదిలో కంటికి కనబడని నిప్పుకణము మిగిలియున్నచో చేతిలోని బుడ్డి యంతయు పేలిపోవును. పిమ్మట గుండు. అది గది నోటికంటె వెంట్రుకవాసి పెద్దదిగా నుండును. గొట్టము క్రింది మీటతో నొక్కినపుడు గుండు చుట్టును సన్నని సీసపు ఉంగరము చెక్కుకొని వచ్చును. ఉంగరము పూర్తిగా వచ్చినచో గుండు బిగువుగా కూర్చున్నట్లు గురుతు. గుండునకును మందునకును నడుమ సందు మిగులరాదు. మిగిలినచో తుపాకికి హాని.

తరువాత గుండు మీద క్రొవ్వు ముద్దను పూయుదురు. లేదా గుండు క్రింద నూనెలో తడిపిన ఉన్ని బిళ్ళను ముందే ఉంచియుందురు. ఇది మసిని మెత్తబరచును. అంతకంటె ముఖ్యముగా, ఒక గది పేలినపుడు ఆ మంట ప్రక్క గదిలోనికి పోకుండ అడ్డుకొనును. ఈ జాగ్రత్త లేనిచో గొట్టమునకు ఎదురుగా లేని గదులు కూడ ఒక్కసారి పేలు ప్రమాదము గలదు. అన్నిటికంటె చివర, తుపాకి మూతిని గురివైపు నిలిపిన తరువాతనే, గదుల వెనుక టోపీలు పెట్టుదురు. పేలిన టోపీ తునుకలు ఎగురును గనుక కండ్లకు అద్దములు ఉండవలెను. చెవులకు మూతలు ఉండవలెను. సీసము విషము గనుక చేతులు కడుగుకొనక ఏమియు నోట పెట్టరాదు.

ఇంత శ్రమయు ఐదారు దెబ్బల కొరకే. నేటి పిస్తోలులో ఈ పని కొన్ని క్షణములలో ముగియును గదా, మరి ఇందు సుఖమేమి యని అడుగవచ్చును. సుఖము ఆ శ్రమయందే యున్నది. ఆకు, వక్క, సున్నము ఎదుట నుంచుకొని తీరికగా తాంబూలము కట్టుకొనువానికిని, అంగడిలో కట్టిన కిళ్ళీని కొని నోట వేసికొనువానికిని గల భేదమే ఇచ్చటను గలదు. పేల్చుట క్షణమాత్రము, కూర్చుట చాలసేపు. ఒక గదిలో మందు కొంచెము తగ్గినను, ఒక గుండు కొంచెము వదులైనను, కాగితముపై దెబ్బ పడుచోటు మారును. తప్పు ఎచ్చట జరిగినదో కాల్చినవానికి వెంటనే తెలియును. మరల కూర్చునపుడు సవరించుకొనును. తొందరపాటు ఈ ఆటకు పరమశత్రువు. ఓర్పు లేనివానికి ఇది విసుగు పుట్టించును. ఓర్పు గలవానికి అదే ఆకర్షణ.

అసలు పాత రివాల్వరులు నేడు పురావస్తువులు. వానిని కాల్చి అరగదీయుట నష్టము. లోహము బలహీనపడి యుండుట వలన ప్రమాదము కూడను. అందుచేతనే నకళ్ళు పుట్టినవి. అమెరికా అంతర్యుద్ధము 1861 నుండి 1865 వరకు జరిగినది. దాని శతవార్షికోత్సవములు సమీపించిన దినములలో, ఆ కాలపు తుపాకులపై అమెరికా జనులకు మోజు పెరిగినది. ఇటలీ దేశమున బ్రెషియా నగరమునకు సమీపమున వాల్ ట్రోంపియా యను లోయ గలదు. అందలి గార్డోనే పట్టణము శతాబ్దములుగా తుపాకుల పనివారికి ప్రసిద్ధి. అచ్చట అల్డో ఉబెర్టి 1959లో కర్మాగారము స్థాపించి, పాత కొలతలతో, నేటి ఉక్కుతో, కోల్టు రివాల్వరుల నకళ్ళను చేసి అమెరికాకు పంపసాగెను. ఆ ప్రాంతపు ఇతర సంస్థలును ఈ వ్యాపారమున ప్రవేశించినవి.

మూతి నుండి మందు కూర్చు తుపాకుల పోటీలు నిర్వహించుటకు ఒక అంతర్జాతీయ సంఘము 1971 నుండి పనిచేయుచున్నది. ఆ పోటీలలో అసలు పాత తుపాకులకొక తరగతి, నకళ్ళకొక తరగతి గలవు. 30 నిమిషములలో 13 గుండ్లు కాల్చి, అందు ఉత్తమమైన 10 దెబ్బలను లెక్కకు తీసికొనుట ప్రధాన నియమము. అనగా ఒక్కొక్క దెబ్బకు రెండు నిమిషములకు పైగా వ్యవధి. జపాను దేశపు వత్తి తుపాకులకు గల పోటీకి తనెగషిమా యని పేరు. 1543లో పోర్చుగీసువారి తుపాకి జపానున మొదట అడుగుపెట్టిన ద్వీపము పేరది. ఒక్కొక్క దేశపు చరిత్ర ఈ విధముగ ఆటలో నిలిచియున్నది.

ఇంతవరకు పరదేశపు వినోదమును చూచితిమి. మందును, గుండును, టోపీని వేరువేరుగా కూర్చి పేల్చు తుపాకి మన ప్రాంతమున లేదా? కలదు. కాని అది వినోదముగా మన పల్లెలకు రాలేదు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 18వ శతాబ్దము చివర హైదరాబాదున ఫిరంగులు పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను. నేటికిని ఆ పేటను గన్ ఫౌండ్రీ యందురు. పల్లెలలో మాత్రము తుపాకి యనగా బర్మారు. గొట్టము మూతి నుండి మందును, గుండ్లను పోసి, గజముతో దట్టించి, వెనుక టోపీ పెట్టి పేల్చునది బర్మారు. దానికి తిరుగు దిమ్మ లేదు. ఒక్కసారి కాల్చి మరల మొదటి నుండి కూర్చవలెను. తక్కిన విషయములలో అది పైన చెప్పిన రివాల్వరునకు పల్లెటూరి బంధువు.

జనగామ ప్రాంతమున తుపాకి చప్పుడునకు గల జ్ఞాపకము వేరు. 1946 జులై 4న, అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండి గ్రామమున, ఊరేగింపుగా వచ్చిన రైతులపై విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరిపిరి. దొడ్డి కొమరయ్య మరణించెను. ఊరివారి చేతులలో నున్నవి కర్రలు, వడిసెలలు. తరువాత సాగిన సాయుధ పోరాటమున దళముల చేతికి వచ్చిన ఆయుధములలో బర్మార్లు కూడ నుండెను. 1951 అక్టోబరులో ఆ పోరాటము విరమింపబడెను. ఆ తరమువారి కథలు విని పెరిగిన యిండ్లలో తుపాకిని ఆటవస్తువుగా తలచుట అంత సులభము కాదు.

మహబూబాబాదునకు మానుకోట యనునది వాడుకలోని పేరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరనే ఆ పట్టణమునకు నేటి పేరు వచ్చినదని చెప్పుదురు. 1866 నుండి 1911 వరకు జీవించిన ఆ ప్రభువు గురి కొట్టుటలోను పులివేటలోను ప్రసిద్ధుడు. ఆ దినములలో తుపాకితో వినోదము ప్రభువులకు, వారి అతిథులకు చెల్లినది. అడవి యంచున సేద్యము చేయు రైతునకు బర్మారు వినోదము కాదు. చేనిపై పడు అడవిపందిని తరుముటకు సాధనము. ఈ జిల్లాలోని పాకాల అడవుల వైపునను, భూపాలపల్లి జిల్లాలోని మహదేవపురము అడవుల వైపునను నేటికిని పంట కాపుదల రైతునకు నిద్రలేని పనియే.

మన చట్టము కూడ ఈ సంగతిని గుర్తించినది. 1959 ఆయుధ చట్టము 13వ విభాగమున, నిజముగా పంట కాపుదలకు వలసిన పక్షమున మూతి నుండి మందు కూర్చు తుపాకికి లైసెన్సు ఇచ్చు విషయము ప్రత్యేకముగ చెప్పబడినది. కాని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత, కాపుదల లైసెన్సు ఉన్నంత మాత్రమున వేటకు హక్కు రాదు. పాకాల, ఏటూరునాగారము అభయారణ్యములు గల ఈ సీమలో ఈ భేదమును మరువరాదు. ఏటూరునాగారము 2016లో ఏర్పడిన భూపాలపల్లి జిల్లాలో మొదట చేరియుండి, 2019లో విడివడిన ములుగు జిల్లాలోనికి పోయినది.

ఇక నకలు రివాల్వరు మాట. అమెరికాలో 1968 నాటి కేంద్ర చట్టము తూటా వాడని ఇట్టి నకళ్ళను పురాతన వస్తువులతో సమానముగ చూచును. రాష్ట్రముల నిబంధనలు వేరుగ నుండవచ్చును. ఇంగ్లండులో అదే నకలును కాల్చుటకు పోలీసుల ధ్రువపత్రము కావలెను. మన దేశమున పేలుడు పదార్థముతో గుండును విసరునది యేదైనను తుపాకియే. అది పాత నమూనాయా, క్రొత్త నమూనాయా, చిన్న గొట్టమా, పెద్ద గొట్టమా యను విచారణ లేదు. పాతకాలపు వస్తువునకు 45వ విభాగమున మినహాయింపు గలదు గాని, అది మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనిచేయజాలని వస్తువునకే. పేలగల నకలు ఆ మినహాయింపులోనికి రాదు.

2019 సవరణ ఈ చట్టమును మరింత కఠినము చేసినది. లైసెన్సు లేక తుపాకి తయారుచేసినవానికి 7 సంవత్సరములకు తక్కువ కాకుండ, యావజ్జీవము వరకు శిక్ష. లైసెన్సు లేక దగ్గర నుంచుకొన్నవానికి 2 సంవత్సరముల నుండి 5 సంవత్సరముల వరకు. పెండ్లిలోనో ఊరేగింపులోనో సంతోషము కొరకు గాలిలోనికి కాల్చి ఇతరులకు అపాయము కలిగించుట కూడ ఇప్పుడు ప్రత్యేక నేరము. తుపాకిమందు తయారుచేయుట, నిలువ చేయుట 1884 నాటి పేలుడు పదార్థముల చట్టము క్రిందికి వచ్చును. మన పొరుగున కర్ణాటకములోని కొడగు సీమలో కొడవలకు తుపాకుల విషయమున చాలకాలముగా మినహాయింపు గలదు. కైల్ పోళ్దు పండుగనాడు వారు ఆయుధములను పూజించి, కొబ్బరికాయలను గురిపెట్టి కొట్టు పోటీలు జరుపుకొందురు. ఆ మినహాయింపు ఆ సీమవారికే గాని మనకు వర్తింపదు.

ఇప్పుడు మన యిండ్లకు సంబంధించిన ముఖ్యవిషయము. పాత యిల్లు విప్పునపుడో, అటక దులుపునపుడో తాతల నాటి బర్మారు బయటపడుట అసంభవము కాదు. త్రుప్పు పట్టిన గొట్టము, విరిగిన కుందా చూచి, ఇది చచ్చిన తుపాకియని పిల్లల చేతికి ఇచ్చువారు ఉందురు. అంతకంటె ప్రమాదకరమైన పని వేరొకటి లేదు. కట్టె పుచ్చును, ఇనుము త్రుప్పు పట్టును. కాని తేమ తగులని తుపాకిమందు అనేక దశాబ్దములైనను తన గుణమును కోల్పోదు. మూతి నుండి కూర్చు తుపాకిని కాల్చక విడిచినచో, లోపలి మందును, గుండును అట్లే యుండును. తూటా తుపాకి వలె వెనుక విప్పి చూచుటకు వీలులేదు. ఇట్లు నింపియుంచిన పాత తుపాకులు అనేక దేశములలో బయటపడినవి.

కావున అట్టి వస్తువు దొరకినచో దానిని కదిలింపరాదు. గుర్రమును ఎత్తరాదు, గొట్టములో చీల గాని కడ్డీ గాని దూర్చరాదు, పొయ్యి దగ్గరకు, ఎండలోనికి తేరాదు, వెల్డింగు దుకాణమునకు గాని పాత యినుము వర్తకునికి గాని ఇయ్యరాదు. పిల్లలను ఆవలకు పంపి, సమీప పోలీసు స్టేషనునకు కబురు చేయవలెను. తామే సంచిలో వేసికొని బస్సులో తీసికొనిపోవుట తగదు. దొరకిన తుపాకిని ఆలస్యము చేయక అప్పగించుటయే చట్టము కోరునది. లైసెన్సు గల తండ్రి మరణించిన యిండ్లలోను ఇదే పద్ధతి: ఆయన లైసెన్సు వారసునికి తనంతట తాను సంక్రమింపదు. తుపాకిని స్టేషనులోనో లైసెన్సు గల వర్తకుని యొద్దనో డిపాజిటు చేసి, వారసుడు తన పేర దరఖాస్తు పెట్టుకొనవలెను.

అట్లయిన గురి కొట్టు వినోదము మనకు లేనట్లేనా? లేకపోలేదు, దారి వేరు. మన దేశపు నిబంధనల ప్రకారము 0.177 అంగుళము, అనగా 4.5 మిల్లీమీటర్ల గొట్టముతో, 20 జూళ్ళకు మించని బలము గల గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. ఒలింపిక్సులో 10 మీటర్ల పోటీలు ఈ గాలి తుపాకులతోను, గాలి పిస్తోళ్ళతోను జరుగును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగు 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి తుపాకి పోటీలో కాంస్యపతకము గెలిచెను. హైదరాబాదు యువతి ఈషా సింగు 2023లో చైనా దేశపు హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణమును, మూడు రజతములను తెచ్చినది. వరంగల్లు రైలుమార్గమున హైదరాబాదు మన మూడు జిల్లాలకు మరీ దూరము కాదు; గచ్చిబౌలిలో షూటింగు రేంజి గలదు.

గాలి పిస్తోలులో పొగ లేదు, మసి లేదు, అంట్లు తోముపని లేదు. కాని పాత రివాల్వరు నేర్పు మూడు విద్యలును అది నేర్పును: ముందు గురిబిళ్ళపై చూపు నిలుపుట, ఊపిరిని సగములో ఆపుట, చేయి కదలకుండ మీటను మెల్లగా నొక్కుట. తుపాకి ఖాళీయని తెలిసినను దాని మూతిని మనిషి వైపు త్రిప్పకుండుట యను నాలుగవ విద్యయు ఉన్నది. దానిని మొదటి దినముననే నేర్పుదురు. లైసెన్సు అక్కరలేదని దానిని పెరటిలో పిట్టలపై ప్రయోగించుట మాత్రము ఆట కాదు, నేరము. 4.5 మిల్లీమీటర్ల గుండు కంటికి తగిలినచో కన్ను పోవును.

పాత రివాల్వరుతో వినోదించు దేశములలో ఆ వినోదమును నిలిపియుంచునది తుపాకి కాదు. కొలపాత్ర, క్రొవ్వు ముద్ద, కండ్లద్దములు, రేంజిలోని పెద్ద పెట్టు కట్టుబాటు, ఇంటికి వచ్చి కడుగు ఓపిక, ఇవి అన్నియు కలసియే దానిని ఆట చేసినవి. ఇవి తీసివేసినచో మిగులునది బర్మారే. మన పల్లెలకు దాని సంగతి తెలియనిది కాదు. కనుక మక్కువ గల యువకుడు గురువు గల రేంజికి పోవుగాక. పాత యిల్లు గల గృహస్థుడు ఈ పండుగకు అటక దులుపునపుడు కొంచెము జాగ్రత్తతో చూచుగాక.